వాయేజర్ సిబ్బందా, గెలాక్టికా సిబ్బందా? ఇంజిన్ రూములో పనిచేసినవాడి సమాధానం

విజయనగరంలో మెకానికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్నానని, తరువాత నౌకల్లో చేరాలని ఉందని రాసి మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ‘స్టార్ ట్రెక్: వాయేజర్’, ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’ అనే అంతరిక్ష నౌకల టీవీ ధారావాహికల్లో ఎవరి సిబ్బంది గట్టివారు? ఒకరి నౌకను మరొకరికి అప్పగిస్తే ఎవరు నిలుస్తారు? నేను సరుకు నౌకల్లో జూనియర్ ఇంజనీరుగా చేరి, చీఫ్ ఇంజనీరుగా విరమించి, ఇప్పుడు సోంపేటలో ఉంటున్నాను. ఈ రెండు కథలనూ నౌక మీద ఉండగానే చూశాను. నౌకలో హార్డ్ డిస్కు ఒకరి క్యాబిన్ నుంచి మరొకరి క్యాబిన్‌కు తిరుగుతూనే ఉంటుంది. ఈ మధ్య మా ఉద్దానం కుర్రాళ్లతో కలిసి మళ్లీ చూస్తున్నాను. వాళ్లలోనూ మీ ప్రశ్న మీదే రెండు పక్షాలున్నాయి. కథలోని మలుపులు చెప్పకుండా సమాధానం చెప్పలేను, చూడనివారు ఇక్కడే ఆగవచ్చు.

ముందు నా తీర్పు. పనిచేయమంటే నేను వాయేజర్‌లో పనిచేస్తాను. నౌకలు మార్చుకున్నా వాయేజర్ వాళ్లే ఎక్కువ కాలం నిలుస్తారు. కానీ రేపు నౌక ఎక్కబోయే మీలాంటి వారికి పాఠాలు గెలాక్టికాలోనే ఎక్కువ దొరుకుతాయి. ఈ మూడు మాటలకూ ఒకటే ఆధారం. రెండు కథల్లోనూ మొదటి దెబ్బకే ముఖ్యమైన కుర్చీలు ఖాళీ అవుతాయి. ఖాళీ అయిన కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టారు, ఎందుకు కూర్చోబెట్టారు, పక్కన మిగిలినవాళ్లు దానిని ఎలా తీసుకున్నారు అన్నది చూస్తే సిబ్బంది సంగతి తెలిసిపోతుంది. ధైర్యం, గురి, తెలివి రెండు నౌకల్లోనూ సమృద్ధిగానే ఉన్నాయి. వాటితో తేడా తేలదు.

వాయేజర్ 1995లో మొదలైంది. నౌక ఒక్క దెబ్బకు ఇంటి నుంచి 70,000 కాంతి సంవత్సరాల దూరం వెళ్లి పడుతుంది. తిరిగి రావాలంటే సుమారు 75 ఏళ్ల ప్రయాణం. ఆ దెబ్బలోనే ఉపనాయకుడు, చుక్కాని పట్టే అధికారి, డాక్టరు, నర్సు, చీఫ్ ఇంజనీరు చనిపోతారు. కెప్టెన్ జేన్‌వే తాను పట్టుకోవడానికి వచ్చిన తిరుగుబాటుదారులనే, అంటే మాకీలనే, తన సిబ్బందిలో కలుపుకుంటుంది. వాళ్ల నాయకుడు చకోటే ఉపనాయకుడవుతాడు. శిక్ష అనుభవిస్తున్న టామ్ పారిస్ చుక్కాని పడతాడు. డాక్టరు కుర్చీలో అత్యవసరం కోసం తయారుచేసిన ఒక కాంతి బొమ్మ, అంటే హోలోగ్రామ్, నిలబడుతుంది.

గెలాక్టికా సంగతి వేరు. పాత 1978 కథను కొత్తగా తిరగరాసి 2003 డిసెంబరులో చిన్న ధారావాహికగా వేశారు, ఆపైన 2009 వరకు నడిచింది. తీర్చిదిద్దిన రోనాల్డ్ డి. మూర్ అంతకుముందు కొద్దికాలం వాయేజర్‌లో పనిచేసి బయటికి వచ్చిన రచయిత. పన్నెండు గ్రహాల మానవజాతిని, మనుషులే తయారుచేసిన యంత్రజాతి అయిన సైలాన్లు తుడిచిపెట్టాక మిగిలింది సుమారు యాభై వేలమంది. వాళ్లకు కాపలా, ప్రదర్శనశాలగా మార్చబోతున్న ఒక ముసలి యుద్ధనౌక. అందులోని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడానికి కమాండర్ అడామా ససేమిరా ఒప్పుకోకపోవడం వల్లే ఆ నౌక బతికింది. నెట్‌వర్క్ పోయినా చేత్తో తిప్పి నడపగలగాలన్నది ఇంజిన్ రూములో మొదటి పాఠం కాబట్టి, ఆ సంగతి తెలిసినప్పుడే ఆ నౌక మీద నాకు గౌరవం కలిగింది.

ఇక కుర్చీల దగ్గరికి వస్తాను. వాయేజర్‌లో మొదటి భాగం తరువాత వచ్చేది ‘పారలాక్స్’. చీఫ్ ఇంజనీరు లేడు. వరుస ప్రకారం ఆ పదవి కేరీ అనే అధికారికి రావాలి. చకోటే మాత్రం బెలానా టోరెస్ పేరు చెబుతాడు. ఆమె అకాడమీ చదువు మధ్యలో వదిలేసిన మాకీ. పైగా భాగం మొదలయ్యేసరికే ఆమె కేరీ ముక్కు విరగ్గొట్టి ఉంటుంది. జేన్‌వే వెంటనే ఒప్పుకోదు. ఆమె చేసిన పనల్లా, సమస్య వచ్చినప్పుడు టోరెస్‌ను అందరి ముందు మాట్లాడనివ్వడం, ఆ మాటను తాను ముందుకు తీసుకెళ్లడం. చివరికి ఇంజిన్ ఎవరికి లోపలి నుంచి తెలుసో అందరికీ కనిపిస్తుంది. అప్పుడు పదవి ఇస్తుంది.

చాలామంది ఇక్కడ టోరెస్‌ను, జేన్‌వేను మెచ్చుకుంటారు. నేను కేరీని మెచ్చుకుంటాను. తనను కొట్టిన మనిషి తన మీద అధికారిగా వస్తే, ఆమె పనితనం గురించి తాను విన్నదంతా నిజమేనని ఒప్పుకుని, ఆమె కింద పనిచేస్తాడు. ఇంజిన్ రూములో రెండోవాడు మనసు విరుచుకుంటే చీఫ్ ఎంత గొప్పవాడైనా ఆ గది నడవదు. నూనె కారుతున్న చోటు చూసి కూడా చెప్పకుండా ఊరుకునే మనిషి ఒక్కడు చాలు. వాయేజర్ ఏడేళ్లు నడిచిందంటే అందులో కేరీ సగం. కథ రాసినవాళ్లు ఆయన్ను తరువాత దాదాపుగా మరిచిపోయి, ఏడో సీజన్ చివర్లో ఇల్లు చేరబోతుండగా చంపేశారు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

అదే గెలాక్టికాలో ఇంజిన్‌కు, విమానాలకు ప్రాణం పోసేవాడు చీఫ్ గేలెన్ టైరోల్. ఆయన అధికారి కూడా కాదు, విమానాల డెక్కు మీద పనివాళ్ల పెద్ద. రెండో సీజన్‌లో ‘ఫ్లయిట్ ఆఫ్ ది ఫీనిక్స్’ అనే భాగముంది. యుద్ధ విమానాలు ఒక్కొక్కటే పాడవుతుంటాయి, కొత్తవి రావు. టైరోల్ మిగిలిన ముక్కలతో, ఖాళీ సమయంలో, సొంతంగా ఒక విమానం కట్టడం మొదలుపెడతాడు. మొదట అందరూ పిచ్చి అనుకుంటారు. తరువాత ఒకరు ఇంజిన్ సంగతి చూస్తారు, ఒకరు లోహం దొరకడం లేదు కదా అని కార్బన్ తొడుగు సలహా ఇస్తారు. చివరికి నౌకలో సగంమంది ఆ మూలలో చేరతారు. దానికి అధ్యక్షురాలు లారా రోజ్లిన్ పేరు పెడతారు. స్పేర్లు రాని నౌకలో పనిచేసినవాళ్లకు ఆ భాగం చూస్తే గొంతు పట్టేస్తుంది. ఆ పని చేయమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. సిబ్బంది తమంతట తాము ఒక ఖాళీని గుర్తించి నింపుకున్న సందర్భం రెండు ధారావాహికల్లో కలిపి ఇంత అందంగా మరొకటి లేదు.

కానీ ఆ నౌకలో పైవాళ్లు ఖాళీలు నింపే తీరు చాలాసార్లు దారుణంగా ఉంటుంది. మూడో సీజన్‌లోని ‘డర్టీ హ్యాండ్స్’ చూడండి. ఇంధనం శుద్ధిచేసే నౌకలో పనివాళ్లు అలిసిపోయారు, పిల్లలు కూడా ఆ యంత్రాల దగ్గర పనిచేస్తున్నారు. కొత్తవాళ్లను పంపాలంటే ఎవరిని? పొలం పని అనుభవం ఉందన్న ఒక్క కారణంతో చదువుకోవలసిన కుర్రాణ్ని పంపుతారు. పేద గ్రహాల వాళ్ల పిల్లలకు మురికి పని, పెద్ద గ్రహాల వాళ్ల పిల్లలకు బ్రిడ్జి మీద, అంటే నౌకను నడిపే గదిలో, కుర్చీ. ఇది మనకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. తండ్రి పని కొడుక్కి అంటగట్టే పద్ధతి మన ఊళ్లలో ఎలా నడిచిందో మనందరికీ తెలుసు. టైరోల్ సమ్మె చేయిస్తే అడామా అతని భార్యను కాల్చేస్తానని బెదిరిస్తాడు. సమ్మె ఆగుతుంది. ఆ తరువాతే రోజ్లిన్ కూర్చుని మాట్లాడి పనిని పంచడానికి ఒప్పుకుంటుంది. అంత దూరం రాకముందే మాట్లాడి ఉండవలసింది. జేన్‌వే అయితే మాట్లాడేది, అది నా నమ్మకం.

నిద్ర గురించి చెప్పకపోతే ఈ పోలిక పూర్తికాదు. గెలాక్టికా మొదటి మామూలు భాగం ‘థర్టీ త్రీ’కి 2005లో హ్యూగో పురస్కారం వచ్చింది. సైలాన్లు ప్రతి 33 నిమిషాలకూ వస్తారు. ప్రతిసారీ నౌకలన్నీ ఒక్క క్షణంలో దూరంగా వేరే చోటికి దూకాలి. అయిదు రోజులు దాటినా ఎవరికీ నిద్ర లేదు. ఇవాళ మన వృత్తిలో అంతర్జాతీయ నియమం ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ నియమం ఎందుకు పుట్టిందో ఈ ఒక్క భాగం చూపిస్తుంది. మాటలు తడబడతాయి, లెక్కలు తప్పుతాయి, మంచివాళ్లు చిన్నదానికే అరుచుకుంటారు. ఆ స్థితిలోనే ఒక ప్రయాణికుల నౌకను కూల్చాలా వద్దా అన్న నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. రోజ్లిన్ వెనుక పలక మీద బతికినవాళ్ల సంఖ్య తగ్గుతూ వచ్చి, చివర్లో ఒక బిడ్డ పుట్టాడని ఒకటి పెరిగి 47,973 అవుతుంది. వాయేజర్‌లో ఇలాంటి లెక్క లేదు. వాళ్ల టార్పీడోలు 38 అనీ, వాడేస్తే మళ్లీ రావనీ మొదటి సీజన్‌లోనే చెబుతారు. ఆ తరువాత ఆ లెక్క ఎవరికీ పట్టదు. పెద్ద దెబ్బ తిన్న నౌక వచ్చే వారానికి కొత్తదానిలా మెరుస్తుంది. సరుకు నిల్వల పుస్తకం రాసేవాడిగా నేను దీన్ని క్షమించలేను.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. రెండో సీజన్‌లో గెలాక్టికాకు తోడుగా పెగాసస్ అనే కొత్త, పెద్ద యుద్ధనౌక దొరుకుతుంది. దాని అడ్మిరల్ కేన్, తన ఆజ్ఞ పాటించనన్న ఉపనాయకుణ్ని అందరి ముందే కాల్చిన మనిషి. పౌరుల నౌకల నుంచి విడిభాగాలు, పనికొచ్చే మనుషులు లాగేసుకుని మిగిలినవాళ్లను వదిలేసింది. ఆమె పోయాక వచ్చినవాడూ పోయి, ఆ కుర్చీ బారీ గార్నర్‌కు వస్తుంది. గార్నర్ ఆ నౌక చీఫ్ ఇంజనీరు. ‘ద కెప్టెన్స్ హ్యాండ్’ అనే ఆ భాగాన్ని ఇంజనీర్లందరూ చూడాలి.

సరుకు నౌకల్లో ఇంజనీరు కెప్టెన్ కాలేడు. ఇద్దరి సర్టిఫికెట్ల దారులు వేరు. చీఫ్ ఇంజనీరు భుజాన కూడా నాలుగు గీతలుంటాయి, కెప్టెన్ ఆయన్ను సాటివాడిగానే చూస్తాడు, అయినా నౌకను నడిపే మాట కెప్టెన్‌దే. పెగాసస్‌లో గత్యంతరం లేక ఆ గీత దాటారు. గార్నర్ చెడ్డవాడు కాదు. కష్టపడతాడు, తన మనుషులను వదిలేయడానికి ఒప్పుకోడు. కానీ కవాటం తిప్పితే నీళ్లు ఆగినట్టు మాట చెప్తే మనిషి ఆగుతాడనుకుంటాడు. అడామా మాట కాదని నౌకను ఉచ్చులోకి దూకిస్తాడు. దూకే ఇంజిన్ దెబ్బతింటుంది. అప్పుడు ఆయన చేసిన పని చూడండి. కుర్చీ అడామా కొడుకు లీకి ఇచ్చేసి కిందికి వెళతాడు. గాలి అయిపోతున్న గదిలో ఆ ఇంజిన్ బాగుచేసి, అక్కడే ప్రాణం విడుస్తాడు. పైన లీ నౌకను బయటికి తెస్తాడు. ఇద్దరూ ఎవరి కుర్చీలో వాళ్లున్న ఆ కొద్ది నిమిషాలూ పెగాసస్ గొప్ప నౌక. గార్నర్‌ను బ్రిడ్జి మీద తిట్టుకున్నవాళ్లు కూడా ఇంజిన్ గదిలో ఆయన్ను చూసి లేచి నిలబడాలి. నేను మా కుర్రాళ్లకు ఈ భాగం చూపించినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు.

వాయేజర్ మచ్చ కూడా చెప్పాలి. అది హ్యారీ కిమ్. మొదటి రోజు ఎన్‌సైన్, అంటే అందరికన్నా చిన్న అధికారి. ఏడేళ్ల తరువాతా ఎన్‌సైన్. ఈ మధ్యలో భద్రతాధికారి టువాక్‌కు పదోన్నతి వచ్చింది. పారిస్‌ను తప్పు చేశాడని దించి, ముప్ఫై రోజులు బందీగా ఉంచి, తరువాత మళ్లీ పైకి తెచ్చారు. కిమ్ మాత్రం అక్కడే. ఎన్నో రాత్రులు బ్రిడ్జిని ఒంటరిగా నడిపినవాడికి ఒక గీత ఎక్కువ ఇవ్వడానికి ఏ ప్రధాన కార్యాలయం అనుమతి కావాలి? దూరంగా ఉన్న నౌకలో పదోన్నతి అంటే జీతం కాదు, నీ పని మేము చూస్తున్నామన్న మాట. ఆ మాట ఒకరికి ఏడేళ్లు చెప్పకపోవడం జేన్‌వే చేసిన పెద్ద లోపం.

అయినా కిమ్ తిరగబడలేదు. గెలాక్టికాలో అదే వయసు, అదే బుద్ధిమంతుడైన బ్రిడ్జి అధికారి గేటా తిరగబడ్డాడు. నాలుగో సీజన్‌లో గేటా లేవదీసిన తిరుగుబాటు రెండు భాగాల కథ. ఒక రోజంతా తోటివాళ్లే ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరికి గేటాను, అతనితో కలిసిన ఉపాధ్యక్షుడు జారెక్‌ను కాల్చి చంపుతారు. గేటా కాలు పోయింది, నమ్మకాలు పోయాయి, పైవాళ్లు శత్రువుతో చేతులు కలుపుతున్నప్పుడు అతన్నీ అతనిలాంటి వాళ్లనూ ఎవరూ కూర్చోబెట్టి మాట్లాడలేదు. వాయేజర్‌లో ఇలాంటివాళ్ల కోసం వేరే భాగాలే ఉన్నాయి. మొదటి సీజన్‌లో టువాక్ కుదురుకోని నలుగురు మాకీలకు శిక్షణ ఇస్తాడు, తాను కూడా వాళ్ల దగ్గర కొంత నేర్చుకుంటాడు. ఆరో సీజన్‌లో ‘గుడ్ షెపర్డ్’లో, ఏ బృందంలోనూ ఇమడని ముగ్గుర్ని జేన్‌వే తానే వెంటబెట్టుకుని బయటికి వెళుతుంది. అట్టడుగు డెక్కులో పనిచేసేవాడి పేరు కెప్టెన్‌కు తెలిసిన నౌక అది. నేను పనిచేయడానికి వాయేజర్‌ను ఎంచుకోవడానికి కారణం ఇదే.

మన తీరం మనుషులకు ఈ సంగతి కొత్తది కాదు. ఇక్కడ సరైన హార్బరు లేక మన మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి బోట్లెక్కుతారు. బోటుకు తండేలు పెద్ద. అతని మాట సముద్రంలో చెల్లుతుంది. కానీ సీజన్ అయ్యాక అతను ఆ కుటుంబాలున్న ఊరికే తిరిగి రావాలి, ప్రతి ఇంటికీ జవాబు చెప్పాలి. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకున్న మన జిల్లాల మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలయ్యేవరకు కరాచీ జైల్లో ఉన్నారు. అక్కడ బోటూ లేదు, పదవీ లేదు, అయినా పెద్దవాడు పెద్దవాడిగానే ఉండవలసి వస్తుంది. అదే 2020లో కోవిడ్ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు నాలుగు లక్షలమంది నావికులు గడువు దాటినా దిగలేక నౌకల్లోనే ఉండిపోయారు. వాళ్లలో ఉద్దానం వాళ్లు తక్కువేమీ కాదు. ఇంటికి ఎప్పుడు వెళతామో తెలియని సిబ్బందిని కలిపి ఉంచడం ఎంత కష్టమో ఆ ఏడాది మళ్లీ రుజువైంది. అలాంటి నౌకల్లో కెప్టెన్ రోజూ మెస్‌లోకి వచ్చి, తెలిసినదీ తెలియనిదీ దాచకుండా చెప్పిన చోట మనుషులు నిలబడ్డారు. కెప్టెన్ తలుపు మూసుకున్న చోట గొడవలయ్యాయి.

మీ రెండో ప్రశ్నకు కథల్లోనే సాక్ష్యం ఉంది. గెలాక్టికా వాళ్లకు వాయేజర్ ఇచ్చామనుకుందాం. అంటే వెంటాడే సైన్యం లేదు, తిండి ఉంది, దారి పొడవునా గ్రహాలున్నాయి. వాళ్లకు అలాంటి విశ్రాంతి ఒకసారి దొరికింది. న్యూ కాప్రికా అనే గ్రహం మీద స్థిరపడ్డారు. ఏడాది తిరిగేసరికి నౌకల్లో సిబ్బంది సగానికి తగ్గారు, లీ ఒళ్లు పెంచాడు, పని అలవాటు పోయింది. సైలాన్లు రాగానే జనాన్ని వదిలి దూకి పారిపోవలసి వచ్చింది. తిరిగి వచ్చి విడిపించుకున్నారు, అది వాళ్ల గొప్పతనం. కానీ తరుముతున్న శత్రువు ఉంటే తప్ప బిగువు నిలవని సిబ్బంది 75 ఏళ్ల ప్రశాంత ప్రయాణాన్ని తట్టుకోలేరు. రెండో ఏడాదికే రెండు పార్టీలవుతారు.

వాయేజర్ వాళ్లను గెలాక్టికాలో పెడితే మొదటి నెల ఘోరంగా నష్టపోతారు. విమాన పైలట్లు లేరు, తీగల ఫోన్లు, చేత్తో నింపే తుపాకులు. కానీ ఉన్నదంతా పోయినప్పుడు వాళ్లెలా ఉంటారో కూడా చూశాం. ‘బేసిక్స్’లో శత్రువు నౌక లాక్కుని, పనిముట్టు ఒక్కటి లేకుండా వాళ్లను ఒక గ్రహం మీద దింపేస్తే, చకోటేకు తెలిసిన అడవి విద్యతో బతికారు. ఏడో సీజన్‌లో ‘ద వాయిడ్’లో ఇంధనం, తిండి అడుగంటినా, పక్క నౌకలను దోచుకోవడానికి జేన్‌వే ఒప్పుకోదు. సిబ్బంది సణిగారు, ప్రశ్నించారు, అయినా ఆమె వెంట నడిచారు. ఇంధనం కోసం వేరే ప్రాణులను చంపే దారి పట్టిన తమ సొంత సంస్థ నౌక ఈక్వినాక్స్ ఏమైందో వాళ్లకు తెలుసు. టోరెస్, టైరోల్ డెక్కు మీద ఉన్న ముసలి విమానాలను చూస్తే సంతోషపడుతుందని కూడా అనుకుంటాను. ఆమెకు కొత్త యంత్రం కన్నా మొండి యంత్రమే ఇష్టం.

ఒక మినహాయింపు మాత్రం న్యాయంగా ఇవ్వాలి. వాయేజర్‌లో ఉన్నది నూట యాభై మందికి అటూ ఇటూ, దాదాపు అందరూ పనివాళ్లే. అడామా వెనుక యాభై వేలమంది పౌరులు, పసిపిల్లలు, ముసలివాళ్లు, ఎన్నికలు, పత్రికలు ఉన్నాయి. ఆ బరువు జేన్‌వే ఎన్నడూ మోయలేదు. మోస్తే ఆమె జుట్టు కూడా అడామాలాగే నెరిసేది.

మీరు చూడడం మొదలుపెడితే ‘పారలాక్స్’, ‘థర్టీ త్రీ’, ‘ఫ్లయిట్ ఆఫ్ ది ఫీనిక్స్’, ‘ద కెప్టెన్స్ హ్యాండ్’, ‘గుడ్ షెపర్డ్’ ఈ వరుసలో చూడండి. చేరే విషయానికొస్తే, మెకానికల్ డిగ్రీ తరువాత గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజనీరింగ్ కోర్సు ఉంటుంది. ఆ కోర్సు నడిపే సంస్థకు, నౌకాయానాన్ని చూసే కేంద్ర శాఖ అయిన డీజీ షిప్పింగ్ ఆమోదం ఉందో లేదో ఆ శాఖ వెబ్‌సైటులోనే చూసుకోండి. ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు అడిగే ఏజెంట్లు మన రెండు జిల్లాల్లోనూ తిరుగుతున్నారు. నావికులను ఉద్యోగాల్లో పెట్టడానికి కావలసిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు సంఖ్య చూపించనివాడికి ఒక్క రూపాయి ఇవ్వకండి. డబ్బు కట్టకముందే కళ్ల పరీక్ష, ముఖ్యంగా రంగులు గుర్తించే పరీక్ష, చేయించుకోండి. ఫలితం వచ్చాక రాయండి, తరువాతి సంగతులు చెబుతాను.